దూరాన ఉండి చేసే పని – దాని మీద నమ్మకం

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులు ఈ సభలో ఉన్నారు. కార్యవర్గం వారు నాకు వేరే విషయం అప్పగించారు. మన పిల్లలు ఇంటి దగ్గర కూర్చుని కంప్యూటరు మీద చేసే ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రెవెన్యూ శాఖలో గుమస్తాగా పనిచేసి దిగిపోయినవాడికి కంప్యూటరు ఉద్యోగం గురించి ఏం తెలుసునని మీకు అనిపించవచ్చు. కంప్యూటరు గురించి నేను చెప్పబోవడం లేదు. పై అధికారి కంటికి కనబడకుండా ఎక్కడో దూరాన పని చేసేవాణ్ణి ఎలా నమ్మాలి, అతను ఆ నమ్మకం ఎలా నిలుపుకోవాలి అన్న విషయం గురించి మాత్రం మనలాంటి వాళ్లకు కొంత తెలుసు. మనం జీవితమంతా చేసింది అదే.

ముందు ఇప్పటి సంగతి చూద్దాం. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయ్యాక హైదరాబాదు, బెంగుళూరు, చెన్నైలలో ఉద్యోగాలు చేసే పిల్లలు సంచులు సర్దుకుని ఇంటికి వచ్చేశారు. పాలకొండలోను, బొబ్బిలిలోను, పలాసలోను మన ఇళ్ల ముందు గదుల్లో ఆఫీసులు వెలిశాయి. అదే ఏడాది నవంబరులో కేంద్ర టెలికం శాఖ పాత నిబంధనలను సడలించి, ఉద్యోగులు ఇంటి నుంచి పని చేయడానికి ఉన్న అడ్డంకులు తొలగించింది. జబ్బు తగ్గిన తర్వాత కొన్ని కంపెనీలు వారంలో ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మన్నాయి. కొన్ని వారానికి రెండు మూడు రోజులు రమ్మన్నాయి. కొన్ని ఇంటి దగ్గరే ఉండమన్నాయి. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు, ముఖ్యంగా మహిళలకు ఇంటి నుంచి పని చేసే అవకాశాలు పెంచాలని ఉందని ప్రకటించారు.

ఈ ఆలోచన కరోనాతో పుట్టింది కాదు. 1973లోనే అమెరికాలో జాక్ నిల్లెస్ అనే ఇంజనీరు, మనుషుల్ని పని దగ్గరకు మోసుకుపోవడం కంటే పనిని మనుషుల దగ్గరకు పంపడం చవక అని చెప్పి, దానికి టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టాడు. అప్పటికి మన తాలూకా ఆఫీసుల్లో గట్టిగా తిప్పితే గానీ మోగని ఒక టెలిఫోను ఉండేది.

నిల్లెస్ గారు పేరు పెట్టక ముందే మన దగ్గర ఆ పని జరుగుతున్నది. గ్రామ కరణాన్ని తలుచుకోండి. కరణం ఊళ్లో ఉంటాడు. తహసీల్దారు తాలూకా కేంద్రంలో ఉంటారు. మధ్యలో వంశధారో నాగావళో అడ్డం. వానాకాలంలో పడవ ఆగితే నాలుగు రోజులు కబురు ఉండదు. కరణం పొద్దున్న ఎన్ని గంటలకు లేచాడో, భోజనం చేసి ఎంతసేపు పడుకున్నాడో తహసీల్దారు గారికి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. అయినా శిస్తు లెక్క తేలేది, పంట లెక్క తేలేది, ఎవరి భూమి ఎవరి అనుభవంలో ఉందో తేలేది.

ఎలా తేలేదో జ్ఞాపకం చేసుకుందాం. మొదటిది, కరణం ఏం చేయాలో ముందే రాసి ఉండేది. ఏ లెక్క ఏ నమూనాలో, ఏ నెలలో రాయాలో గ్రామ లెక్కల పుస్తకంలో ఉండేది. ఎవరూ రోజూ చెప్పనక్కరలేదు. రెండవది, అతను రాసిన అడంగలును వేరొకరు పొలం గట్టు మీద నిలబడి సరిచూసేవారు. అదే అజ్మాయిషీ. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కొన్ని సర్వే నంబర్లు, తహసీల్దారు ఇంకొన్ని. అన్నీ చూడరు. ఏవి చూస్తారో కరణానికి ముందు తెలియదు. మూడవది, జూన్ 30తో ఫసలీ ముగిసిన తర్వాత జమాబందీ. గ్రామాల వారీగా కరణాలు లెక్కల కట్టలు పట్టుకుని వచ్చి, అధికారి ఎదుట కూర్చుని, పద్దు పద్దుకూ సమాధానం చెప్పుకునేవారు. అంటే పని ముందుగా స్పష్టంగా చెప్పడం, మధ్యలో నమూనాకు సరిచూడడం, చివర ముఖాముఖి లెక్క ఒప్పజెప్పడం. ఈ మూడూ ఉన్నాయి గనుక నాలుగో వస్తువు, అంటే రోజంతా కాపలా, అవసరం పడలేదు.

తపాలా శాఖ మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. బ్రాంచి పోస్టాఫీసు సంగతి వారికి బాగా తెలుసు. పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు చాలాసార్లు తన ఇంటి అరుగు మీదే ఆఫీసు నడిపేవాడు. రోజూ సంచితో పాటు ఆనాటి లెక్క పై ఆఫీసుకు వెళ్లేది. చేతిలో ఎంత రొక్కం ఉంచుకోవచ్చో హద్దు ఉండేది. సేవింగ్సు పాసుపుస్తకం ఖాతాదారు దగ్గరే ఉండేది. తనిఖీకి వచ్చినవారు ఊళ్లోకి వెళ్లి, ఆ పాసుపుస్తకాలు అడిగి తీసుకుని, ఆఫీసు పుస్తకంతో పోల్చేవారు. పోస్టుమాస్టరు మంచివాడా కాడా అన్న ప్రశ్న లేకుండానే, మంచివాడికి రక్షణ, చెడ్డవాడికి భయం, రెండూ ఆ పద్ధతిలోనే ఉన్నాయి. దూరపు పనిలో నమ్మకం అంటే కళ్లు మూసుకోవడమని నేను అనడం లేదు. సరిచూసే పద్ధతి పెద్దగా ఉండనక్కరలేదు, నిజంగా ఉండాలి.

ఇక ఆఫీసు లోపల చూడండి. టాటెన్‌హాం అనే ఐ.సి.ఎస్. అధికారి పేరుతో మనం పిలుచుకునే ఆఫీసు పద్ధతిలో ప్రతి గుమస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు ఉండేది. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు. ఏ తేదీన వచ్చింది, ఎవరి దగ్గర నుంచి, దేని గురించి, నోటు ఎప్పుడు పెట్టారు, జవాబు ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు ముగిసింది, అన్నీ గళ్లలో ఉండేవి. నెలాఖరుకు పెండింగు జాబితా తీయాలి. హెడ్ గుమస్తా ఆ రిజిస్టరు తిరగేస్తే చాలు, గుమస్తా సీట్లో ఉన్నా లేకపోయినా, సెలవులో ఉన్నా, ఏ కాగితం ఎక్కడ ఆగిందో తెలిసేది. మా కాలంలో దాన్ని చూసి విసుక్కునేవాళ్లం. ఇప్పుడు మా పెద్దబ్బాయి ఇంట్లో కూర్చుని పని చేస్తుంటే చూశాను. వాడి కంపెనీలో కూడా ప్రతి పనికీ ఒక నంబరు, ఎవరికి అప్పగించారు, ఎప్పటికి కావాలి, ఎంతవరకు వచ్చింది అని తెర మీద గళ్లు ఉంటాయి. "నాన్నగారూ, ఇదే లేకపోతే మా మేనేజరు గంటకోసారి ఫోన్ చేస్తాడండి" అన్నాడు. పేరు వేరు గానీ వస్తువు పర్సనల్ రిజిస్టరే అని వాడికి చెప్పాను.

అయితే మిత్రులారా, పాతదంతా బంగారమని చెప్పడానికి నేను రాలేదు. ఆ పద్ధతులు ఎక్కడ చెడ్డాయో కూడా మనకు తెలుసు. కొన్ని ఊళ్లలో అడంగలు పొలం చూడకుండా అరుగు మీద కూర్చుని రాసేవారు. దాన్ని అజ్మాయిషీ చేయవలసినవారు కూడా అదే అరుగు మీద కాఫీ తాగి సంతకం పెట్టేవారు. అప్పుడు దూరాన ఉన్న కలెక్టరు గారికి అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడేది. దూరపు కొండలు నునుపు కదా. కరణం రాసిందే రాత అయ్యి, పేద రైతు నష్టపోయిన సందర్భాలున్నాయి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసినప్పుడు ఎందరో సంతోషించడానికి కారణం అదే. సరిచూసేవాడు సరిచూడడం మానేస్తే, పని చేసేవాడి తప్పు ఎంత ఉందో పై వాడి తప్పూ అంతే ఉంటుంది.

రెండో రకం చెడు దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక అధికారి ఉండేవారు. ఆయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. ప్రతి దానికీ వారం వారం స్టేట్‌మెంటు కావాలి. స్టేట్‌మెంటు రాకపోతే రిమైండరు, రిమైండరుకు జవాబు రాకపోతే డి.ఓ. లెటరు, దానికీ రాకపోతే తంతి. ఫీల్డులో ఉన్నవాళ్లు పని మానేసి స్టేట్‌మెంట్లు నింపుతూ కూర్చున్నారు. వసూళ్లు తగ్గాయి గానీ వసూళ్ల స్టేట్‌మెంట్లు మాత్రం తేదీ తప్పకుండా వెళ్లేవి. అంకెలు కూడా ఆయన ఏం చూడదలిచారో అవే ఉండేవి.

ఇప్పుడు కొన్ని కంపెనీలు చేస్తున్నది ఇలాంటిదే. ఉద్యోగి కంప్యూటరు ముందు ఉన్నాడా లేడా అని చూడడానికి తెర ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్లు, మీటల చప్పుడు లెక్కపెట్టేవి పెడుతున్నారు. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంటే పని చేస్తున్నట్టు, ఆరిపోతే చేయనట్టు. దానికి విరుగుడుగా, మనిషి లేకపోయినా మౌసును కదిలించే చిన్న యంత్రాలు బజారులోకి వచ్చాయి. మన స్టేట్‌మెంట్ల కథే మళ్లీ వచ్చింది. కాపలా పెడితే కాపలా కోసం పని చేస్తారు. 2022లో మైక్రోసాఫ్ట్ కంపెనీ పలు దేశాల్లో జరిపిన సర్వేలో నూటికి 87 మంది ఉద్యోగులు తాము బాగానే పని చేస్తున్నామని చెప్పారు. తమ వాళ్లు బాగా పని చేస్తున్నారని పూర్తి నమ్మకం ఉందని చెప్పిన అధికారులు నూటికి 12 మందే. ఒకే పని గురించి ఇద్దరి మాటల్లో ఇంత తేడా ఎందుకంటే, ఏది పూర్తయితే పని అయినట్టో ఇద్దరూ కూర్చుని ముందు రాసుకోలేదు. అది రాసుకోకపోతే కుర్చీలో ఉన్నాడా లేడా అన్నదే కొలత అవుతుంది.

అందుచేత పై అధికారులకు, మేనేజర్లకు నేను చెప్పదలచిన మొదటి మాట ఇది. మనిషి ఎక్కడున్నాడని అడగకండి, పని ఎంతవరకు వచ్చిందని అడగండి. అది కూడా ముందు ఒప్పుకున్న తేదీకి అడగండి. మధ్యలో కొంత నిజంగా తెరిచి చూడండి. చూసి, బాగుంటే బాగుందని, లేకపోతే ఏది బాగులేదో రాసి చెప్పండి.

రెండో మాట అధికారాల గురించి. మన ఉత్తరాంధ్ర తుపాన్ల నేల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు, కరెంటు పోయింది, సెల్ టవర్లు పడుకున్నాయి. అలాంటప్పుడు మారుమూల ఊళ్లో ఉన్న చిన్న ఉద్యోగి ఎవరిని అడుగుతాడు? జనాన్ని బడిలోకి తరలించాలా, షాపులోని బియ్యం తీసి వండించాలా, ఆ నిమిషంలో అతనే నిర్ణయించాలి. ముందే చేతికి అధికారం ఇచ్చి, ఇంతవరకు నీ ఇష్టం, తర్వాత లెక్క చెబుదువుగాని అన్నచోట జనం తొందరగా ఒడ్డున పడతారు. ప్రతిదానికీ ఆర్డరు రావాలన్నచోట ఆర్డరు వచ్చేసరికి నీళ్లు వచ్చేస్తాయి. కంపెనీ పనిలో ప్రాణాలు పోవు గానీ సూత్రం అదే. దూరాన ఉన్నవాడు ఏ మేరకు స్వయంగా తేల్చవచ్చో కాగితం మీద ఇవ్వాలి. ఆ మేరలో అతను తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టినా, సద్బుద్ధితో చేసి ఉంటే పై అధికారి వెనక నిలబడాలి. ఒకసారి నిలబడకపోతే ఆ తర్వాత ఎవడూ ఏ నిర్ణయమూ తీసుకోడు.

మూడో మాట, దూరాన ఉన్నవాణ్ణి మరచిపోకూడదు. ఏజెన్సీలో పనిచేసిన మిత్రులు దీనికి సాక్షులు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు వైపు పోస్టింగు వస్తే అప్పట్లో శిక్ష అనుకునేవారు. నేను కూడా కొండల మీద ఒక ఆఫీసులో పనిచేశాను. ఏ ఆఫీసో పేరు చెప్పను. మలేరియా జ్వరంతోనే జనాభా లెక్కల పని, రుణాల పని చేశాం. మా టి.ఎ. బిల్లులు కింద ఆఫీసులో ఏడాదికి పైగా పడి ఉన్నాయి. సీనియారిటీ జాబితా తయారవుతున్న సంగతి అది తయారయిపోయిన తర్వాత మాకు తెలిసింది. అధికారి గది ముందు రోజూ కనబడేవాడి పేరు అధికారికి గుర్తుంటుంది. కొండ మీద ఉన్నవాడి పేరు రిజిస్టరులో ఉంటుంది, మనసులో ఉండదు.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. చైనాలో షాంఘై నగరంలో ప్రయాణాల బుకింగు చేసే సీట్రిప్ అనే కంపెనీ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ గారితో కలిసి 2010 చివర నుంచి తొమ్మిది నెలలు ఒక ప్రయోగం చేసింది. కాల్ సెంటరు ఉద్యోగుల్లో కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేయనిచ్చారు. వారి పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం వదిలిపోయేవారు సగానికి తగ్గారు. ఇంతవరకు అందరూ చెబుతారు. మిగతా సగం కూడా వినాలి. పనితనం సమానంగా ఉన్నా, ఇంటి దగ్గర ఉన్నవారికి ప్రమోషను వచ్చే అవకాశం తగ్గింది. ప్రయోగం ముగిశాక ఇష్టమున్న చోట ఉండమంటే సగం మంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకు తిరిగి వెళ్లిపోయారు. తర్వాత అదే కంపెనీలో 1,600 మందికి పైగా ఉద్యోగుల మీద మరో పరిశీలన జరిపి 2024లో ప్రకటించారు. అందులో వారానికి రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. పనితనం గానీ ప్రమోషన్లు గానీ తగ్గలేదు. ఉద్యోగం మానేవారు మూడో వంతు తగ్గారు. మన జమాబందీ పద్ధతి లాగే, దూరాన పని చేసేవాడికి అప్పుడప్పుడు ముఖాముఖి కూడా కావాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

కొండ మీద నేను ఉన్నప్పుడు ఒక మంచి అధికారి కూడా వచ్చారు. ఆయన చేసింది ఘనకార్యం ఏమీ కాదు. మేము రాసిన ప్రతి ఉత్తరానికీ, వీలుకాదు అని చెప్పవలసినదానికి కూడా, వారం లోపల జవాబు రాసేవారు. క్యాంపుకు వచ్చినప్పుడు రికార్డు చూసిన తర్వాత, మా వసతి ఎలా ఉంది, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు అని అడిగేవారు. ఆయన కాలంలో ఆ ఆఫీసులో పెండింగు దాదాపు లేదు.

ఇప్పుడు ఉద్యోగుల వైపు చూద్దాం. ఇక్కడ కూర్చున్న అబ్బాయిలకు, అమ్మాయిలకు చెబుతున్నాను, కటువుగా ఉంటే మన్నించండి. నమ్మకం పై వాడు ఇచ్చే దానం కాదు. 2022 సెప్టెంబరులో విప్రో కంపెనీ ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ గారు, తమ జీతం తీసుకుంటూ పోటీ కంపెనీలకు కూడా పని చేస్తున్న 300 మందిని గుర్తించి తీసివేశామని చెప్పారు. ఆ 300 మంది చేసిన పనికి, నిజాయితీగా పని చేసే వేలాది మంది మీద అనుమానం పడింది. కరణాల్లో కొందరు చేసిన దానికి అందరూ పోయినట్టే.

కాబట్టి కొన్ని అలవాట్లు చేసుకోండి. మేము టూరు డైరీ రాసినట్టు, మీరూ రోజు ముగిసే ముందు ఏం చేశారో నాలుగు వాక్యాలు రాసి ఉంచుకోండి. అడిగినప్పుడు వెతుక్కోనక్కరలేదు. పని తేదీకి కాదని తెలిసిన రోజునే చెప్పండి, గడువు రోజు సాయంత్రం కాదు. చెడు కబురు ముందు చెప్పినవాణ్ణి ఎవరూ అంతగా తప్పుపట్టరు. దాచినవాణ్ణి ఆ తర్వాత మంచి కబురు చెప్పినా నమ్మరు. ఫోనులో మాట్లాడుకున్నది రెండు ముక్కలు రాసి పంపండి. మీరు సెలవు పెడితే మీ చోట వచ్చినవాడు వెతుక్కోకుండా చార్జి లిస్టు ఇచ్చి వెళ్లండి. అధికారికి కనబడడం లేదని బెంగపడేకంటే, మీ పని ఎప్పుడూ తెరిచి చూపించేలా ఉంచుకోండి.

ఇక మూడో పక్షం. అది మనమే. పెన్షనర్లం, ఇంటి పెద్దలం. ఈ మాట చెప్పడానికే నేను ప్రధానంగా వచ్చాను.

కంపెనీ మేనేజరుకు ఉన్న అనుమానమే మనలో చాలామందికి ఉంది. "ఇంట్లో కూర్చుంటే ఉద్యోగమేంటి బాబూ" అని పక్కింటివారు అంటే, మనమూ నవ్వి ఊరుకుంటాం. కుర్రాడు ముఖ్యమైన మీటింగులో ఉండగా గ్యాసు బండ వచ్చిందని పిలుస్తాం. కరెంటు బిల్లు కట్టి రమ్మంటాం. వాడి ఫోను మోగుతున్నా మన చుట్టం వచ్చాడని ముందుకు పిలిచి కూర్చోబెడతాం. కొడుకు విషయంలో ఇంత చేస్తే, కోడలి విషయంలో చెప్పనక్కరలేదు. ఆమె హైదరాబాదు ఆఫీసులో ఉన్నప్పుడు పదింటి నుంచి ఆరింటి దాకా ఉద్యోగి అని ఒప్పుకున్నాం. అదే ఉద్యోగం మన ఇంటి నుంచి చేస్తే, మధ్యలో కాఫీ ఆమే కలపాలి, కుక్కరు ఆమే చూడాలి, పిల్లవాడు ఏడిస్తే ఆమే లేవాలి. రాత్రి పదకొండింటికి మిగిలిన పని ఆమే చేసుకోవాలి. ఆ తర్వాత ఏడాదికి ప్రమోషను రాలేదనో, ఉద్యోగం పోయిందనో తెలిస్తే, ఆడపిల్లకు ఇంటి నుంచి పని కుదరదని మనమే తీర్పు చెబుతాం. కుదరనివ్వనిది ఎవరు?

మన సర్వీసులో ఉన్నప్పుడు ఆఫీసు వేళ మన ఇంటివాళ్లు ఎవరైనా వచ్చి మన సీటు దగ్గర కూర్చుంటే మనం ఒప్పుకున్నామా? అదే మర్యాద వాళ్లకు ఇద్దాం. ఇంట్లో ఒక మూల, ఒక బల్ల, వెనక్కి ఆనుకునే కుర్చీ, తలుపు వేసుకునే వీలు ఏర్పాటు చేద్దాం. పని వేళలు అడిగి గోడ కాలెండరు పక్కన రాసి పెట్టుకుందాం. కరెంటు పోతే ఇన్వర్టరు ఎంతసేపు వస్తుందో చూద్దాం. కుక్కరు, గ్యాసు బండ, పిల్లల బడి బస్సు మనం చూసుకుందాం. కాళ్లు చేతులు ఆడుతున్నంతకాలం అవి మనకు బరువు కాదు. సాయంత్రం పని వేళ ముగిశాక మాత్రం వెళ్లి "ఇక మూసెయ్యి" అని చెప్పే హక్కు మనకుంది. ఇల్లే ఆఫీసు అయినప్పుడు ఆఫీసు ఎప్పటికీ మూయకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. చాలామంది కుర్రవాళ్లు ఆ నడుం నొప్పి, ఆ నిద్రలేమి మనకు చెప్పరు.

ఇదంతా ఎందుకు చేయాలి? మన జిల్లాల సంగతి మీకు నేను చెప్పాలా? సిక్కోలు మనిషి లేని ఊరు లేదంటారు. కూలికి పోయినవారు చెన్నై, సూరతు, పారాదీపు దాకా పోయారు. చదువుకున్నవారు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా దాకా పోయారు. ఊళ్లలో పెద్ద ఇళ్లకు తాళాలున్నాయి. తాళం లేని ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లున్నారు. ఇంటి నుంచి చేసే ఉద్యోగం కూలివారికి పనికిరాదు, నర్సుకూ లైన్‌మాన్‌కూ పనికిరాదు. అందరి కష్టానికీ ఇది మందని నేను అనను. కానీ కంప్యూటరు చదువు చదివిన పిల్లలకు ఇది సొంత ఊళ్లో బతికే ఒక దారి. ఆ దారి నిలబడుతుందా లేదా అనేది కంపెనీ వాళ్లు నమ్మడం మీద, పిల్లలు ఆ నమ్మకం నిలుపుకోవడం మీద, ఇంట్లో మనం వాళ్లను పని చేయనివ్వడం మీద ఆధారపడి ఉంది. ఈ మూడింటిలో ఏది విరిగినా పిల్లలు మళ్లీ రైలెక్కుతారు.

ప్రభుత్వం మనల్ని దూరం నుంచి నమ్మడం కూడా మనం చూస్తున్నాం. ఒకప్పుడు మనం బతికే ఉన్నామని చెప్పడానికి ట్రెజరీ దగ్గర గంటల తరబడి వరుసలో నిలబడేవాళ్లం. 2014 నవంబరులో కేంద్రం జీవన్ ప్రమాణ్ పద్ధతి మొదలుపెట్టింది. వేలిముద్రతోనో, ఇప్పుడైతే ముఖం చూపించో, ఇంటి నుంచే బతికి ఉన్నామని రుజువు చేయవచ్చు. ఏడాదికి ఒకసారి సరిచూస్తారు, మిగతా రోజుల్లో నమ్మి పెన్షను వేస్తారు. రోజూ వచ్చి కనబడమనరు. మనకు న్యాయమనిపించిన ఈ పద్ధతి మన పిల్లల విషయంలోనూ న్యాయమే.

చివరగా కార్యవర్గం వారికి ఒక ప్రతిపాదన మనవి చేస్తున్నాను. మన సంఘ భవనంలో వెనక గది నెలకు రెండు మీటింగులకు తప్ప ఖాళీగానే ఉంటున్నది. దానికి ఒక నెట్ కనెక్షను, నాలుగు బల్లలు, ఒక ఇన్వర్టరు ఏర్పాటు చేస్తే, ఇంట్లో వసతి లేని మన సభ్యుల పిల్లలు, కోడళ్లు పగటిపూట అక్కడ పని చేసుకోవచ్చు. గది తాళం చెవి, హాజరు పుస్తకం చూసుకోవడానికి మనలోనే ఒకరు వంతులవారీగా కూర్చుందాం. హాజరు పుస్తకం అన్నందుకు నవ్వకండి, అది కరెంటు ఖర్చు పంచుకోవడానికి మాత్రమే. మొదటి నెల వంతు నేను తీసుకుంటాను. ఈ ప్రతిపాదనను ఈ రోజు ఎజెండాలో చేర్చి సభ్యుల అభిప్రాయం తీసుకోవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను.